తల తేల్చిన ఫైటర్ చేప

పెట్టు జబ్బారూ, ఆ హార్లిక్స్ సీసా నీ టీకొట్టు బల్ల మీద పెట్టు. అలా ఊపకు. ఒంట్లో బాగోని వాణ్ణి గతుకుల రోడ్డు మీద తిప్పితే ఉన్న జబ్బు ముదురుతుంది. ఏదీ, చూడనీ. ఆఁ, ఫైటర్ చేప. రంగు వెలిసిపోయింది, రెక్కలు మూసిన గొడుగులా ఒంటికి అతుక్కున్నాయి, అడుగున ఒక పక్కకి ఒరిగి పడుకుంది. మేత వేస్తే చూడటం లేదు కదూ?

“నాలుగు రోజులైందండి రావుగారూ. ఎల్లుండి ఆదివారం మా అమ్మాయి షిఫా హాస్టల్ నుంచి వస్తుంది. వెళ్తూ వెళ్తూ జాగ్రత్త జాగ్రత్త అని ఒకటికి పదిసార్లు చెప్పి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు దానికి నా మొహం ఎలా చూపించనండి?”

భేషుగ్గా చూపిద్దువు గాని. సరైన మనిషి దగ్గరికే తెచ్చావు. నా గురించి నేను చెప్పుకోకూడదు, అయినా మీరంతా అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను.

“ఎవరూ అడగలేదండి.”

చూశారా ఈ విల్సన్‌ని? ఆర్టీసీ కండక్టరు కదా, మాట్లాడాలన్నా టిక్కెట్టు ఉండాలంటాడు. నువ్వు టీ తాగవయ్యా, నీ గుడివాడ బస్సుకి ఇంకా అరగంట టైముంది. ఏం లేదు, ఇలాంటి ఫైటర్ చేపని ఒక్కదాన్ని, ఒక్కటంటే ఒక్కదాన్ని బతికించాను. గొప్పేం కాదు, ఎవరైనా చేస్తారు. సాక్షి కావాలంటే అడుగో, మూల కూర్చున్న రత్తయ్య. నాగాయలంకలో నా రొయ్యల చెరువుల మీద కాపలా ఉన్న మనిషి, ఇప్పుడు ఈ బందరులో మా ఇంటికీ ఆయనే కాపలా. నేను అబద్ధమాడితే ఆయనే చెప్తాడు. ఏం రత్తయ్యా?

“ఊఁ.”

విన్నారుగా. తొంభై అయిదులో తెల్లమచ్చ రోగం వచ్చి అందరి రొయ్యలూ పోయాయి, కాదనను. కానీ నాలా పోగొట్టుకున్నవాడు దివిసీమ మొత్తం వెతికినా దొరకడు. అందరికీ చెరువుకి వారం చొప్పున పట్టింది, నాకు నాలుగు చెరువులూ టిఫినుకీ భోజనానికీ మధ్యలో అయిపోయాయి. పోగొట్టుకోవడంలో కూడా మనమే ఫస్టు. నవ్వండి, నేనూ నవ్వుతున్నాగా. అప్పుడు మాత్రం ఏడ్చాను, ఏడాది పాటు అన్నం సహించలేదు. చివరికి నాకు మిగిలింది ఒక ఏరేటరు, అదే, చెరువు నీళ్ళు చిలికి గాలి ఎక్కించే మోటారు చక్రం, అదీ ఈ రత్తయ్యా. ఇద్దర్నీ లారీ ఎక్కించుకుని వచ్చేశాను.

అప్పుడు గుడివాడ నుంచి మా చెల్లెలు సత్యవతమ్మ కూతురు తేజస్విని వచ్చింది. “మావయ్యా, నీకు ఒక్క చేపైనా ఉండాలిగా” అని, గాజు జాడీలో నీలం రంగు ఫైటర్ చేపని తెచ్చి మా కిటికీలో పెట్టింది. చిన్నపిల్ల ఆ మాటనేసరికి నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, దాచుకోవడమెందుకు. ఈ ఒక్క ప్రాణాన్నైనా పోనివ్వకూడదు అని ఒట్టు పెట్టుకుని, కుర్చీ వేసుకుని దాని ముందే కూర్చున్నాను. కూర్చున్నానా, ఏం చేసిందో తెలుసా? పైకొచ్చింది! నోరు తెరిచి ఒక గుటక గాలి మింగి కిందికి పోయింది. కాసేపాగి మళ్ళీ!

“అయితే ఏమైందండి?”

నువ్వు చెరువు చెయ్యలేదు జబ్బారూ, అందుకే అంత తాపీగా అడుగుతున్నావు. చెరువులో చేప తల తేల్చిందంటే నీళ్ళలో గాలి అయిపోయినట్టే, ఇక కాసేపట్లో అన్నీ వెల్లకిలా తేలతాయి. పరిగెత్తుకెళ్ళి జాడీని పెరట్లో సిమెంటు తొట్టిలో ఒంపేసి, నా ఏరేటరు తెచ్చి తొట్టి మీద అడ్డంగా పెట్టి స్విచ్చి వేశాను.

“ఎకరం చెరువుకి పెట్టేది బొటనవేలంత చేపకి పెట్టారా?”

మన దగ్గర చిల్లర పనులుండవు విల్సన్. చక్రం తిరిగేసరికి తొట్టిలో నీళ్ళన్నీ ఆకాశానికి లేచాయి, నీళ్ళతో పాటు చేప లేచింది, గోడ దాటి పక్కింటివాళ్ళు ఆరేసుకున్న లుంగీలో పడింది. దులిపి తెచ్చి మళ్ళీ వేశాను. మళ్ళీ లేచింది. అలా మధ్యాహ్నానికి పదహారుసార్లు. పదిహేడోసారి అదే లుంగీలోంచి దూకి తొట్టిలోకి వచ్చేసింది. అదండీ ట్రైనింగంటే. ఏం రత్తయ్యా?

“ఊఁ.”

ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోజూ కరెంటు పోతుంది కదా, పోయినప్పుడల్లా తొట్టి మూల తెల్లగా నురగ కట్టేది. చెరువులో చెదరని నురగ కనిపిస్తే నీళ్ళు కుళ్ళినట్టు లెక్క. టీ వడపోసే జల్లెడతో తీసి పారేశాను. మర్నాడు మళ్ళీ కట్టింది, మళ్ళీ తీశాను. అది కట్టడం, నేను తియ్యడం, పదకొండు రోజులు! ఎవరు తగ్గుతారు? నేను తగ్గను. పన్నెండో రోజు తెల్లారి చూస్తే అదిగో, అచ్చం ఈ సీసాలో దానిలాగే అడుగున ఒరిగి పడుంది.

“మరి ఏం మందు వేశారండి? అది చెప్పండి ముందు.”

వస్తున్నా జబ్బారూ, అక్కడికే వస్తున్నా. సున్నం, కళ్ళుప్పు. ఎకరానికి ఎన్ని బస్తాలు వెయ్యాలో నాకు నోటికొచ్చు, తొట్టికి ఎంతో తెలీదు. అందుకని ఎకరం లెక్కే వేశాను. ఆ వారం బందరులో ఏ ఇంట్లో చూసినా కూరల్లో ఉప్పు లేదు, ఉప్పంతా మా పెరట్లో ఉంది. నీళ్ళు ఎంత చిక్కబడ్డాయంటే తొట్టి మీద కాకి నడుచుకుంటూ పోయింది. దాంతో మంచినీళ్ళు కావాల్సొచ్చాయి. మామూలు మంచినీళ్ళు చాలవని ఆనకట్ట వాళ్ళకి ఫోన్ కొట్టి, “పూర్ణచంద్రరావుని మాట్లాడుతున్నాను, ఒక గేటు ఎత్తండి” అన్నాను. నా పేరు వినగానే కంగారుపడి అన్నీ ఎత్తేశారు. కృష్ణమ్మ మా ఇంటికి బయల్దేరింది! దారిలో కూచిపూడి మునిగింది. అక్కడ పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం ఆడుతున్నవాళ్ళు పళ్ళేలు పక్కన పెట్టేసి, నిజం తరంగాల మీదే ఆడి చూపించారు.

“బందరు కాలవ కూచిపూడి మీదుగా రాదండి.”

ఆ రోజు వచ్చింది. నువ్వు డ్యూటీలో లేవు. ఇక ఆ నీళ్ళు తగిలేసరికి మన చేప లేచింది చూడండీ, రెక్కలు విప్పితే తొట్టి మీద నీడ పడింది. దాని మెరుపు చూసి చిలకలపూడి రోల్డుగోల్డు వాళ్ళు గాజులు పట్టుకొచ్చి తొట్టిలో ముంచుకుపోయారు, ఇవాళ్టికీ ఆ గాజుల రంగు పోలేదు. గాలిమార్పు కోసమని హంసలదీవి తీసుకెళ్ళి సముద్రంలో వదిలాను. ఎదురుగా సొరచేప! పడవంత సొరచేప! మనవాడు ఒక్కసారి బుగ్గలు పొంగించి చూశాడు. ఆ సొరచేప నాకేసి తిరిగి, “బాబుగారూ, మీ వాడని తెలీదండి” అని ఒడ్డుకొచ్చి ఇసకలో తల దూర్చేసింది. ఆ భయానికి పారిపోయొచ్చిన చేపలతో మనవాళ్ళ వలలు వారం రోజులు ఖాళీ లేవు. అబద్ధమా రత్తయ్యా?

ఏంటి, గ్లాసు పక్కన పెట్టి ఆ సీసాకేసి చూస్తావేం?

“అదంతా సరేనండి రావుగారూ. మా చేప బతుకుతుందా?”

బతక్కేం చేస్తుంది? ఆ కళ్ళుప్పు డబ్బా ఇలా తే. నువ్వు సున్నం తెప్పించు. ముందొక గుప్పెడు ఉప్పుతో మొదలెడదాం. ఆ మూత తియ్యి. ఏంటి రత్తయ్యా, నా చెయ్యి పట్టుకున్నావేం?

“వద్దు బాబుగారూ. ఆ ఉప్పు డబ్బాలో పోసెయ్యండి.”

నువ్వు నా సాక్షివయ్యా!

“అందుకేనండి. ఆ పన్నెండో రోజున మీకు టైఫాయిడ్ వచ్చి చెల్లెమ్మగారు గుడివాడ తీసుకుపోయారు. మీరు మూడు వారాలు ఊళ్ళో లేరు. మీ బస్సు అటు కదలగానే నేనిటు ఏరేటరు ఆపేశాను. తేజస్వినమ్మ కొన్న కొట్టుకెళ్ళి అడిగితే, ఆ జాతి చేప బాగున్నప్పుడు కూడా పైకొచ్చి గాలి మింగుతుందన్నారు, దాని తీరే అంతటండి. ఆ నురగ కుళ్ళు కాదంట, గూడంట. పిల్లల కోసం మగచేప కట్టుకుంటుందంట. అది ఇల్లు కట్టుకుంటుంటే మనం రోజూ జల్లెడతో తీసిపారేశామండి.”

గూడా అది?

“చెంబుతో ముంచి మళ్ళీ జాడీలో వేశాను. ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు, ఒక ఎండు బాదం ఆకు, పూటకో దోమపిల్ల. ఇంకేం చెయ్యలేదు. వారానికి రెక్కలు విప్పింది.”

మూడేళ్ళు! మూడేళ్ళ నుంచి ఈ బల్ల మీద కూర్చుని నేను కోతలు కోస్తుంటే ఊఁ కొట్టావు కదయ్యా!

“గుడివాడ నుంచి దిగి మీరు తిన్నగా కిటికీ దగ్గరికి పోయారు. చేపని చూసి, నా వైద్యం పనిచేసింది రత్తయ్యా అని పకపకా నవ్వారు. చెరువులు పోయాక మీరు నవ్వడం అదే మొదలు. ఎలా చెప్పమంటారు?”

మరి ఇవాళ ఎందుకు చెప్పావు?

“ఇవాళ సీసాలో చేపుందండి.”

ఏంటయ్యా, ఎవరూ నవ్వరేం? నవ్వదగ్గ చోట నవ్వాలి. సరే, ఇదిగో ఉప్పు, పోసేశాను, చెయ్యి కూడా దులిపేసుకున్నాను. జబ్బారూ, ఆ సీసాలో నీళ్ళెప్పుడు మారుస్తున్నావు?

“రోజూ రెండుపూటలా అండి. అప్పటికప్పుడు కుళాయి నీళ్ళు పట్టి.”

బ్లీచింగు వాసనతోనా? నువ్వూ నా బాపతేనన్నమాట. రత్తయ్య ఎలా చెప్తే అలా చెయ్యి. నీళ్ళు ఒక రోజు బకెట్లో ఉంచి, అప్పుడు కొద్దికొద్దిగా మార్చు. మళ్ళీ ఆ ఐసు పెట్టె మీద పెట్టకు, పొయ్యికి కాస్త దూరంగా వెచ్చని చోట పెట్టు. మిగతాది ఆయనే చూసుకుంటాడు. ఆ పిల్ల వచ్చేసరికి అది ఈదుతూ కనిపించాలి.

విల్సన్, నీ బస్సులో సీటుందా? గుడివాడకి ఒక టిక్కెట్టు కొట్టు. చెల్లెలింట్లో ఉండి సోమవారం వస్తాను.

“అదేంటండి, ఉన్నట్టుండి ప్రయాణమేంటి?”

ఇక్కడుంటే నా చెయ్యి ఊరుకోదయ్యా. ఆ చేప బతకాలంటే నేను ఊళ్ళో ఉండకూడదు. అనుభవం మీద చెప్తున్నాను.