అక్క కాళ్ళ బిగువు

ఏంటీ, మందు రాసిచ్చేటప్పుడు రోగిని ఏమడగాలో కూడా పరీక్షలో అడుగుతారా? అడగనీ, అడగనీ, మంచిదే! మా రోజుల్లో ఆ ముక్క ఎవడికీ నేర్పినట్టు లేదు. కోపం నీ మీద కాదులే తల్లీ. మా అక్క గుర్తొచ్చింది, మీ నాన్నకి మేనత్త. నువ్వు పుట్టకముందే పోయిందిలే. పుట్టినప్పుడే మెదడుకి దెబ్బ తగిలిందట, కాళ్ళు రెండూ కర్రల్లా బిగుసుకుపోయుండేవి. మాట కాస్త ముద్దగా వచ్చేది, అంతే. బుర్రా? మా ఇంటిల్లిపాదిదీ కలిపినా దానికి చాలదు. అచ్చాఫీసులో పని. సీసం అక్షరాలు గళ్ళలోంచి ఒక్కోటీ ఏరి, తిరగేసి పేర్చాలి, పొద్దస్తమానం నిలబడే. మోకాళ్ళు బల్లకి ఆనించి నిలబడిందంటే ఇక మేకు దిగ్గొట్టినట్టే!

రాత్రిళ్ళు మాత్రం పిక్కలు పట్టేసి నిద్రుండేది కాదు. అందుకని నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళా. ఆ డాక్టరు మహానుభావుడు దాని కాళ్ళు అటూ ఇటూ వంచి చూసి, "అన్నం తనే తింటుందా?" అని నన్నడిగాడు. నన్ను! పక్కనే ఉన్న మనిషిని వదిలేసి! "నన్నడగండి, చెప్తాను," అంది అక్క. చంటిపిల్ల కబుర్లు విన్నట్టు నవ్వి, బిగువు తగ్గే మాత్రలు పూటకొకటి, మూడు పూటలా రాసేశాడు. ఏం పని చేస్తావమ్మా అని ఒక్క మాట అడిగితే వాడి నోటి ముత్యాలు రాలిపోయేవా?

మాత్రలు బాగానే పనిచేశాయి. అదే కదా వచ్చిన చిక్కు! కాళ్ళు తడిగుడ్డల్లా అయిపోయాయి. రెండు నెలల్లో నాలుగుసార్లు పడింది, ఆఖరిసారి అక్షరాల బల్లతో సహా. "మత్తుమందు మింగి పనికొస్తోందయ్యా మీ అక్క," అని ఓనరు పని మాన్పించేశాడు. "ఒరేయ్, ఆ బిగువు మీదే కదరా నేను నిలబడేది," అని ఏడ్చి, మాత్రలన్నీ ఒక్కసారే మానేసింది. మూడోనాటికి ఒళ్ళు కాలిపోయే జ్వరం, విల్లులా వంగిపోయింది. మళ్ళీ పరుగు. "ఎవరు మానమన్నారు?" అని అరిచాడు ఆ డాక్టరే. ఒక్కసారే మానకూడదని ఎవడు చెప్పాడయ్యా మాకు! చీటీ మీద ఆ ముక్క రాయడానికి సిరా కరువైందా?

వార్డులో ఒక చిన్న డాక్టరమ్మ ఉండేది. మంచం పక్కన కూర్చుని, "మీకేం కావాలండీ?" అనడిగింది. మీరు అని! నలభై ఏళ్ళొచ్చాక ఆ మాట విందమ్మా మా అక్క. "పొద్దున నిలబడాలి, రాత్రి నిద్రపోవాలి," అంది. అంతే కదా! ఆ డాక్టరమ్మ మాత్రలు మళ్ళీ మొదలెట్టి, మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి, పడుకోబోయే ముందు ఒక్కటి ఉంచింది. అక్క మళ్ళీ నిలబడింది. పాతచోట వేరేవాణ్ణి పెట్టేసుకున్నారు, ఇంకో అచ్చాఫీసులో పదకొండేళ్ళు చేసింది.

డాక్టర్ని తిడుతున్నాను గానీ... అక్క "వద్దురా" అంటున్నా వినకుండా, పెద్ద డాక్టరుకి తెలీదా అని, ఆ రెండు నెలలూ పూటపూటకీ నోట్లో మాత్ర వేసిందెవరనుకున్నావ్? నేనే. నన్ను ఒక్క మాటైనా అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ కిటికీ వెయ్యమ్మా, ఎండ మొహాన కొడుతోంది.