చిక్కుడు గింజల సంచి మీద నిలిచిన గురి

1989 ఏప్రిల్ మూడవ తేదీన మన తుల్చా పట్టణ పక్షి పరిశీలన కార్యాలయంలో ఛాయాచిత్రకారిణిగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి ఫెవ్రోనియా అర్తిమోవ్ గారు నేడు పదవీ విరమణ చేస్తున్న శుభవేళ, వారిని ప్రశంసించే భాగ్యం ఇన్నేళ్లూ పక్క బల్ల దగ్గర కూర్చున్న నాకు దక్కింది.

తొలినాళ్లలోనే వారు మా అందరికీ గురువులయ్యారు. గాలికి వీపు పెట్టి, కెమెరా మూతి కిందికి వంచి లెన్సు మార్చాలనీ, బరువును ఎడమ అరచేతికి అప్పగించి మోచేతులు పక్కటెముకలకు ఆనించాలనీ విసుగులేకుండా నేర్పారు. మెడనొప్పి అన్నవారికి జాలికి బదులు వెడల్పాటి కెమెరా పట్టీ ఇచ్చేవారు.

2008 వేసవిలో గూడబాతుల దీవి పక్కన కాలువ తవ్వడానికి యంత్రం వచ్చి నిలిచింది. దీవిలో పిల్లలున్నాయని మరునాటి విచారణలో ఫోటోతో రుజువు చేయకపోతే తవ్వకం ఆగదు. దగ్గరికి వెళితే తల్లులు గూళ్లు విడిచిపోతాయి, కనుక దూరంగా పడవలోంచే తీయాలి. అప్పటి సంచాలకులు హోరియా వ్లైకు గారు కొత్తగా తెప్పించిన భారీ లెన్సు బయటికి తీశారు.

"ఇంత పెద్దది తెప్పించింది బీరువాలో దాచడానికా, ఫెవ్రోనియా గారూ?"

"పడవలో అది నా చేతికి నిలవదండీ. వణికే ఆరువందల మిల్లీమీటర్ల లెన్సు కంటే కుదురుగా ఉండే నాలుగువందలది నయం. అంత ముచ్చటైతే మీరే పట్టుకోండి."

వ్లైకు గారే పట్టుకున్నారు, కెమెరా నిలిపే ముక్కాలి స్టాండుతో సహా. పడవ ఊగినప్పుడల్లా స్టాండు ఊగింది, స్టాండుతో సంచాలకులూ ఊగారు. ఫెవ్రోనియా గారు మాత్రం పడవ నడిపే నికిఫోర్ తాత వంటకని తెచ్చుకున్న చిక్కుడు గింజల సంచిని పడవ అంచున పరిచి, దానిమీద తన చిన్న లెన్సును ఆనించారు. వల వేసేముందు తెడ్లు లోపలికి లాగి, శిలువ గుర్తు వేసుకుని, పడవ సర్దుకునేదాకా నోరు మెదపకపోవడం ఇక్కడి లిపొవాన్ అనే సముదాయపు జాలరుల ఆచారం. తాత ఆ రోజూ అలాగే చేశాడు. జాలరి బిడ్డ అయిన ఆమెకు ఆ నిశ్చలమైన క్షణం ఎప్పుడొస్తుందో తెలుసు. అప్పుడే మీట నొక్కారు.

"అయిందా అమ్మాయ్? అయితే నా గింజలిటియ్యి, పులుసు పెట్టుకోవాలి" అన్నాడు తాత.

విచారణలో వ్లైకు గారి చిత్రం చూసి "ఇది పొగమంచా?" అని విచారణ జరిపినవారు అడిగారు. ఫెవ్రోనియా గారి చిత్రంలో తల్లి గొంతుసంచిలోకి తల దూర్చిన పిల్లలు ఈకలతో సహా కనిపించాయి. ఆ సాయంత్రమే యంత్రం వెనుదిరిగింది. తాను ఓడినందుకు వ్లైకు గారంతగా సంబరపడిన అధికారిని నేను మరొకరిని చూడలేదు.

ఆ కాలువ నేటికీ లేదు. ఈ వసంతంలోనూ గూడబాతులు అదే దీవికి వచ్చాయి. మా గర్వానికి అంతకు మించిన కారణం అక్కరలేదు.

ఫెవ్రోనియా గారు కుటుంబసమేతంగా, ఆరోగ్యంతో, చెదరని చూపుతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. తొంభయ్యో పడిలో పడిన నికిఫోర్ తాత ఈ సభకు ఒక చిక్కుడు గింజల సంచి పంపాడు. ఈసారి తిరిగి అడగనని చెప్పమన్నాడు.