అప్పు లేని షెడ్డు

నాచారం పారిశ్రామికవాడలో బిక్షపతి షెడ్డు. మందుల తయారీలో వాడే పెద్ద పాత్రల్లో తిరిగే స్టీలు షాఫ్టులు అతని సరుకు. వాటిని కొనే కంపెనీ నుంచి ఛాయాదేవి తనిఖీకి వచ్చింది. ఆమె సంతకం పెడితే ఏడాది ఆర్డరు. లేకపోతే షెడ్డు మూత.

“...ఊరికే అనడం లేదండీ బిక్షపతి గారూ. ఉప్పల్, నాచారం కలిపి చాలా యూనిట్ల బ్యాలెన్స్ షీట్లు చూశాను. మీదంత ఆరోగ్యంగా ఒక్కటీ లేదు.”

“చాయ్ సల్లారుతున్నది మేడం.”

“తాగుతాను. పోయినేడు మీకు అప్పు మరీ ఎక్కువ. అందుకే ఆర్డరు ఇవ్వలేకపోయాం. ఈ ఏడు రూపాయి అప్పు లేదు. ఏం చేశారు?”

“మీరు జెప్పిందే జేసిన. అప్పు తీర్చుమంటిరి. తీర్చిన.”

“అందరికీ చెప్తాం. ఎవరూ వినరు.”

“నేనిన్న.”

“కరెంటు ఖర్చు కూడా బాగా తగ్గించారు.”

“తగ్గింది.”

“రిపేర్లకి అసలు ఖర్చే లేదు.”

“ఏదీ చెడిపోలే.”

“అమ్మకాలు తగ్గాయి. పోనీండి, ఈ ఏడు అందరికీ తగ్గాయి. మిషన్ల విలువ మాత్రం బాగా పడిపోయింది. పాతవా?”

“పాతయి గిట్ల ఏం లేవు మేడం.”

“అయితే మంచిదే. షెడ్డు చూసి సంతకం పెట్టేస్తాను. పదండి.”

“బిస్కెట్లు తినుండ్రి జర.”

“మిషన్లు చూడకుండా పెట్టకూడదండీ.”

“ఇనవడ్తలేదా? నడుస్తనే ఉన్నయి.”

“వినబడుతోంది. చూడాలి.”

“లోపల మస్తు నూనె. చీర ఖరాబైతది.”

“తనిఖీకని పాత చీరే కట్టుకొచ్చాను.”

బిక్షపతి లేచి లోపలి తలుపు తీశాడు.

“ఇదేంటండీ? ఖాళీగా ఉంది.”

“సాఫుగున్నది.”

“మిషన్లేవి?”

“గా మూలకు లేత్ ఉండె. గీడ మిల్లింగ్. కిటికీ కాడ డ్రిల్లింగ్.”

“ఇప్పుడు ఎక్కడున్నాయి?”

“అప్పు తీర్చుమంటిరి గదా. దసరాకు అమ్మిన.”

“మిషన్లు అమ్మి తీర్చమన్నానా?”

“దేంతోని తీర్చాల్నో జెప్పలే మేడం.”

“ఆ కూర్చున్న ఆరుగురూ ఎవరు?”

“నా పనోళ్లే. ఇన్నొద్దులు ఆడొకరు ఈడొకరు పని జేసుకున్నరు. ఇయ్యాల మీరు సంతకం పెడ్తరని వచ్చిన్రు.”

“మరి ఈ శబ్దం?”

“గోడవతలిది. మా బామ్మర్ది ఉప్పలయ్య షెడ్డు.”

“ఉప్పలయ్య... ఆయన కూడా మా ఆర్డరుకి అప్లై చేశారు కదూ?”

“జేసిండు. పోయిన వారం మీరే గాదన్నరు.”

“అప్పు ఎక్కువండీ. ఈ ఏడే పెద్ద లోను తీసుకున్నారు. దేనికో ఏమో.”

“నా మిషన్లు కొననీకె.”

“అంటే ఈ శబ్దం మీ మిషన్లదేనా?”

“ఇంకో చాయ్ జెప్పాల్నా?”

“వద్దండీ. మీరే లోను తీసుకుని వాటిని తిరిగి కొనుక్కోవచ్చు కదా.”

“కొంట. గప్పుడు నా షీటు ఖరాబైతది, ఆయనది సాఫైతది. వచ్చేడు మీరు ఆర్డరు ఆయనకిస్తరు. ఆయన కాడ మిషన్లుండయి.”

“పని ఆయనకి అప్పగించి చేయించండి, అయితే.”

“మీ రూలు ఒప్పుకోదు. పని ఈ కప్పు కిందనే జరగాలెనంట.”

“అవును. ఆ రూలు రాసింది నేనే... ఆ గోడలో తలుపేంటండీ?”

“పోయిన నెల పెట్టిచ్చినం. ఇద్దరం అప్లై జేసినం గదా. ఆర్డరు ఎవ్వలకొచ్చినా గా మిషన్ల మీదనే జేద్దమని.”

“రాకపోకలకి తలుపుంటే రెండూ కలిపి ఒకే షెడ్డని రాయొచ్చు.”

“గట్లనే అనుకున్నం.”

“మరి ముందే చెప్పొచ్చు కదా. తెరవండి. మిషన్లు చూసి సంతకం పెడతాను.”

“గొళ్లెం ఆయన దిక్కున్నది మేడం. మీరు గాదన్న కాడికెల్లి ఏసుకున్నడు. నేను పిలిస్తే తీస్తలేడు. మీరే కొట్టాలె.”