తెర బయట నిలబడ్డ చంద్రమతి

అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్ద డాక్టర్ వెంకటరామయ్య గారికి, వేదిక మీది ఆఫీసర్లకు, యూనియన్ అన్నలకు, నాతోటి సిస్టర్లకు, ఆయమ్మలకు, కాలనీల నుంచి ఎండన పడి వచ్చిన అక్కచెల్లెళ్లకు, మొదటి వరుసల కూసోని నేను ఎంతసేపు మాట్లాడుతనో అని గడియారం చూస్తున్న మా ఆయన సాబిర్ సాబ్‌కు, అందరికి ఈ ఆసియా సిస్టర్ నమస్కారాలు, సలాములు. (నవ్వులు)

నేను రిటైరయ్యే దినమని నా గురించి చాన మంచిగ చెప్పిండ్రు. నేను సూది వేస్తే నొప్పే తెల్వదని యూనియన్ వీరేందరన్న అన్నడు. అన్నా, నువ్వు సూదిని చూసి ఏడ్సింది ఈ దవాఖాన గోడలకు సుత యాదికున్నది. (నవ్వులు) రామగుండం ఎండల శాలువా మోసుడు కష్టమే గని, మీ ప్రేమను కాదనను. డాక్టర్ గారు ఇంకొక మాటన్నరు, రొమ్ము క్యాన్సర్ మీద ఆసియా సిస్టర్ కాలనీ కాలనీకి అవగాహన తెచ్చిందని. సార్, మీరు పెద్దలు, మీ మాటకు ఎదురు చెప్తున్న అనుకోవద్దు. అది నిజం కాదు.

నేను పెట్టింది మీటింగులు. రామకృష్ణాపూర్ పోయిన, కమాన్‌పూర్ పోయిన, షామియానా వేసిండ్రు, మైకు పెట్టిండ్రు, ఆడోళ్లు వచ్చి చప్పట్లు కొట్టిండ్రు, పులిహోర తిన్నరు, ఫొటో దిగిండ్రు. పక్క గదిల తెర కట్టి, రాండ్రమ్మా, గడ్డ గిట్ల ఉన్నదేమో ఒక్కసారి చూస్త అంటే మాత్రం ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. 'నొప్పి లేదు కద సిస్టర్' అంటరు. నొప్పి లేనప్పుడే రావాలె తల్లీ, ఈ గడ్డ మొదట్ల నొయ్యదు, అదే దాని మోసం. 'ఆయనకు ప్లేడే ఉన్నది, అయినంక వస్తం' అంటరు. ఆదివారం డ్యూటీకి డబుల్ జీతం, దాన్నెవరు ఇడుస్తరు? ఆ ఆదివారం పోతే ఇంకో ఆదివారం. పెనిమిటి గనిల షిఫ్టు దిగి వస్తే వీపు రుద్దుకుంట, ఎక్కడ గీసుకపోయింది, ఎక్కడ కమిలింది అని వేళ్లతోని వెతికేటోళ్లు మీరు. మీ ఒంటి మీద మీ చెయ్యి ఎన్నడన్న ఆగిందా?

చంద్రమతి సంగతి చెప్త. తెల్వనోళ్ల కోసం చెప్తున్న, ఆమె మా వార్డు ఆయమ్మ. ప్రతి మీటింగుల తెర కట్టింది ఆమెనే. భయపడ్డోళ్లను చెయ్యి పట్టి తీసుకొచ్చి, 'అక్కా, నేను చూపిచ్చుకున్న, ఏం కాదు, పో లోపటికి' అని నూకేది. వచ్చిన ఆ కొద్దిమంది ఆమె మాట మీదనే వచ్చిండ్రు. మన జూహీ సిస్టర్ వాళ్లమ్మ గట్లనే వచ్చింది. గడ్డ చిన్నగున్నప్పుడే దొరికింది, ఆపరేషన్ అయింది, ఆ మాట తనే అందరికి చెప్పుకుంటది. ఇగో, చెయ్యి ఊపుతున్నది. (చప్పట్లు)

ఆగుండ్రి, నా మాట కాలే. పోయిన ఎండకాలం చంద్రమతి బెడ్డు మీద దుప్పటి మార్చుకుంట చెయ్యి లేపలేకపోయింది. ఏమైందే అంటే తల అడ్డంగ ఊపింది. బలవంతాన తెర లోపటికి తీసుకపోయి చూస్తే, పుండయిన రొమ్ము మీద పసుపు, వేపాకు ముద్ద. ఇదివరకు ఎన్నడు చూపిచ్చుకున్నవ్ అని డాక్టరమ్మ అడిగితే నేల చూసింది. ఎన్నడు చూపిచ్చుకోలే. మరి అందరికి అట్లెందుకు చెప్పినవే అన్న. 'అట్ల చెప్తేనే వస్తరక్కా. నాకే వచ్చిందంటే ఇంకెవరు రారని దాచిన' అన్నది. హైదరాబాద్ పంపినం. అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. దసరా ముందట పోయింది.



నీళ్లియ్యి జూహీ.

ఆమె పెనిమిటి కొమురెల్లన్న వెనక వరుసల ఉన్నడు. గనిల సర్దార్. షిఫ్టు ముందు కర్రతోని పైకప్పు కొట్టి చూస్తడు, బోలు చప్పుడొస్తే దాని కిందికి ఎవర్ని పోనియ్యడు. దినాలనాడు నాతోని అన్నడు: 'సిస్టర్, రాయికి నొప్పి ఉంటదా? అయినా దినాం కొట్టి చూస్తం. ఇంట్ల మనిషిని ఒక్కనాడు అడగలే.'  

రిటైరయ్యేటోళ్లు ఆశ ఉన్నదని చెప్పి దిగుతరు. నాకు లేదు. తెర కట్టినామెనే లోపటికి రాకపాయె, ఇంక మీరెట్ల వస్తరు?

అందుకే ఇయ్యాల అందరిని రమ్మనను. ఒక్కరినే అడుగుత. ఆమనీ, చంద్రమతి బిడ్డా, అమ్మకు ఈ రోగం వస్తే బిడ్డలు ఇంకింత ముందుగాల చూపిచ్చుకోవాలె. ఇంటికొచ్చి చెప్పిన, ఫోన్ల చెప్పిన. అందరి ముందట అడుగుతున్న, కోపం చేసుకోకు. మన దవాఖానల చూసే గది తాళంచెయ్యి రేపు జూహీకి అప్పజెప్త, ఇయ్యాలటికి నా దగ్గరనే ఉన్నది. అన్నం తర్వాత తిందువు, నాతోని రా. తెర నేనే కడ్త.



తల అడ్డంగ ఊపుతున్నది. మీ అమ్మ సుత గట్లనే ఊపింది బిడ్డా.

సరే. శాలువాకు, పూలకు, ఇంత ఎండల వచ్చి నా మాట విన్నందుకు మీ అందరికి షుక్రియా. సాబిర్ సాబ్, మీరు తిని ఇంటికి పోండ్రి. నేను పొద్దుగూకేదాక ఆ గదిలనే కూసుంట.

సెలవు.