బోటు వెళ్లేదాకా దాచిన రిపోర్టు

అయ్యా, నా దస్తూరీ బాగుండదు, తప్పులుంటే మన్నించండి. అందరి ముందు నాకు మాట రాలేదు. అందుకని ఎస్సై గారు కాగితమిచ్చి నన్నే రాయమన్నారు.

నా పేరు తిరుమాని సుప్రియ. వయసు ఇరవై రెండు. ఏడో తరగతి చదివాను. అంతర్వేది దగ్గర మా పాలెంలో చేపలు ఎండబెట్టి అమ్ముతాను. నా భర్త పేరు దుర్గాసాయి. వయసు ముప్పై ఒకటి. బోటు మీద వేటకు వెళ్తారు. వారి పేరు నా చేత్తో రాయడం ఇది రెండోసారి. మొదటిసారి కూడా ఈ స్టేషన్లోనే రాశాను.

2024 జూన్ పదో తేదీన రేవులో వైద్య శిబిరం పెట్టి అందరికీ రక్తం తీశారు. పదమూడో తేదీ సాయంత్రం నాలుగు గంటలకు ఆశా వర్కర్ దుర్గాశ్రీ గారు మా ఇంటికి రిపోర్టు తెచ్చారు. క్రియాటినిన్ అన్నచోట 3.4 అని ఉంది. పక్కన 1.3 దాటకూడదని ఉంది.

"కిడ్నీ సరిగా పని చేయట్లేదమ్మా. బీపీ కూడా బాగా ఎక్కువుంది. రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్లు," అన్నారు ఆవిడ.

వేట నిషేధం ముగిసి బోట్లు కదలడానికి ఇంకా ఒక్కరోజే ఉంది. అప్పటికే ఇంట్లో గంగమ్మ కలశం పెట్టాం. కలశం పెట్టాక బోటు వెళ్లేదాకా మా ఇళ్లలో రోగం మాట ఎత్తకూడదు. మా అత్తగారు అచ్చాయమ్మ గారు నా చేతిలో కాగితం చూసి, "అదేంటే, ఆసుపత్రిదా? ముందు లోపల పెట్టు. గంగమ్మ వింటది," అన్నారు. అందులో ఏముందో ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. ఎండు సావళ్ల చేపల బుట్ట కింద పెట్టాను. మావారు వేట నుంచి తిరిగి వచ్చాక చెప్పవచ్చు అనుకున్నాను.

పద్నాలుగో తేదీ పొద్దున మా ఆయన కుడిచేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. "గ్లాసుకే నూనె రాశావేంటే?" అని నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడైనా చెప్పలేదు.

పదిహేనో తేదీ ఉదయం ఐదున్నరకు బోటు కదిలింది. కుడిచెయ్యి ఎత్తి ఊపారు.

పదహారు సాయంత్రం బోటులో పడిపోయారు. తలకు దెబ్బ తగిలింది. మర్నాడు ఒడ్డుకు తెచ్చేసరికి కుడిపక్క పడిపోయింది, మాట లేదు. బోటు నడిపే సరంగు వీరబాబు గారికీ మావారికీ నిషేధానికి ముందు వేటలో వల చిరిగినందుకు మాట పట్టింపు ఉంది. అందుకని వీరబాబు గారే తోశారని మా బావగారు హరిబాబు గారు ఫిర్యాదు ఇస్తే, ఆయన్ని జైల్లో పెట్టారు.

ఇరవయ్యో తేదీన రాజమహేంద్రవరం ఆసుపత్రిలో డాక్టరు గారు, "ఇతనికి కిడ్నీ జబ్బు ముందునుంచీ ఉంది. అలాంటివాళ్లకి పక్షవాతం భయం ఎక్కువ. అందుకే వచ్చిందని ఒట్టేసి చెప్పలేను. ముందే తెలిస్తే మందులన్నా మొదలయ్యేవి. పాత రిపోర్టులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. పక్కన అత్తగారు, బావగారు ఉన్నారు. లేవన్నాను.

ఆ మధ్యాహ్నం వీరబాబు గారి భార్య బేబీ అన్నం క్యారేజీ తెచ్చింది. "తిను చెల్లీ. ఆయన జైల్లో ఉంటే నువ్వేం చేస్తావులే," అంది. నేను తినలేకపోయాను.

ఇరవై రెండున మంచం దగ్గర ఎవరూ లేనప్పుడు మావారిని, "వీరబాబన్నయ్య తోశాడా అండి?" అని అడిగాను. ఎడమచెయ్యి అడ్డంగా ఊపారు. మళ్లీ అడిగాను. మళ్లీ ఊపారు.

బోటులో జరిగింది నేను చూడలేదు. రిపోర్టు మాత్రం చూశాను. 3.4. దీంతో జత చేస్తున్నాను. సావళ్ల వాసన వస్తుంది, ఏమీ అనుకోవద్దు. ఇది ఇచ్చాక మా ఇంట్లో నన్ను ఉండనిస్తారో లేదో తెలియదు.

పందొమ్మిదో తేదీన, బావగారు పక్కన ఉండగా, నా భర్తకు ఏ జబ్బూ లేదని రాసి సంతకం పెట్టాను. అది అబద్ధం. దయచేసి ఆ కాగితం కాల్చేయండి. అలా కుదరదు, రెండూ కోర్టుకు వెళ్తాయి అని స్టేషన్ రైటరు గారు అంటున్నారు. అయితే రెండూ పంపండి. కానీ దీన్నే నమ్మండి.

ఎవరూ చెప్పించకుండా నేనే రాసి, రెండుసార్లు చదువుకున్నాను. ఇందులో ఉన్నది నిజం.

24-06-2024, ఉదయం 11.20

(సంతకం) తి. సుప్రియ