నిప్పుల కోసం కొన్న ఊసరవెల్లి

శుక్రవారం దిష్టి తీసి నిప్పుల్లో వేయడానికి ఫెజ్ నగరపు అంగడిలో అత్తగారు కొన్న ఊసరవెల్లిని, బతూల్ బుట్టతో సహా మిద్దె మీదికి తెచ్చి, దీన్ని పెంచుకుంటానంటూ పెద్ద తోడికోడలికి చూపించింది.

"పెంచుకుంటావా? అత్తకు తెలిస్తే నిన్నే నిప్పుల్లో వేస్తుంది!"

"నేనెప్పుడూ పిల్లినైనా పెంచలేదక్కా. చూడు, నల్లబడిపోయింది. చచ్చిపోతుందా?"

"భయమేస్తే అలాగే నల్లబడుతుంది. నీళ్లు పెట్టావా?"

"గిన్నెలో పెట్టా, ముట్టలేదు."

"గిన్నె దానికేం తెలుసే, పిచ్చిదానా! మా పుట్టింట్లో నిమ్మచెట్టు నిండా ఇవే. ఆకుల మీద చల్లు, చుక్కలు నాకుతుంది."

బతూల్ పుదీనా కొమ్మ తడిపి బుట్టలో పెట్టింది. ఊసరవెల్లి నాలుక చాపింది.

"తాగుతోందక్కా!"

"ష్! అత్త మెట్లెక్కుతోంది."

"అమ్మో, ఇప్పుడెలా?"

"దాన్ని శాలువాలో దాచుకో. ఖాళీ బుట్ట నాకివ్వు. మూత నేనే తీశానని, అది పారిపోయిందని చెప్తా."

శాలువా లోపల చిన్న కాళ్లు బతూల్ రవికను గట్టిగా పట్టుకున్నాయి.