కాలేజీకి ఇంజను బిగించిన బావగారు

ఆవిడ చేతిలో దరఖాస్తు కాగితం ఉంది. అన్నీ నింపింది, ఒక్క సంతకం తప్ప. రోడ్డు దాటితే సర్కారు కాలేజీ, దాని వెనకే సముద్రం. వయసుతో పని లేకుండా ఎవరినైనా చేర్చుకుంటారక్కడ. కాకపోతే తనలా ఐదో తరగతితో బడి మానేసినవాళ్ళకి, అక్కడ చదివిన పాత విద్యార్థి ఎవరైనా హామీ సంతకం పెట్టాలి. సాయంత్రం క్లాసులకి ఇవాళే ఆఖరు రోజు. నాలుగింటికి దరఖాస్తులు తీసుకునే కిటికీ మూసేస్తారు. లాడ్జీలో దుప్పట్లు ఉతికే పనికి ఒక పూట సెలవు పెట్టి మరీ వచ్చింది.

సంతకానికి బావగారున్నారుగా అనుకుంది. ఆ ఇంటి కోడలైన నాటి నుంచీ వింటోంది, ఆయన ఈ కాలేజీలోనే చదివారని. తీరా తీసుకొస్తే ఆయన రోడ్డు దాటకుండా టీ కొట్టు బెంచీ మీద చతికిలబడ్డారు.

"సంతకం ఎంతసేపమ్మాయ్, ముందు నువ్వు చేరబోయే చోటు ఎలాంటిదో తెలుసుకోవాలా వద్దా," అన్నారు. పక్కన టీ తాగుతున్న వ్యాను డ్రైవరు ఇటు తిరిగాడు. ఇంకేం, వినేవాడు దొరికాడు.

"ఆ రేకుల షెడ్డుందే, అది పడవ ఇంజన్ల క్లాసు. ఓసారి ఒక ఇంజను మొండికేసింది. మాస్టారు మూడు రోజులు కుస్తీ పట్టారు. నేను వెళ్ళి చెవి ఆనించి విని, లోపల ఇరుక్కున్న చిన్న మేకు తీశాను. స్టార్టయింది."

"పోన్లెండి, అది జరిగే పనే," అన్నాడు డ్రైవరు.

అలా అనకుండా ఉండాల్సింది. జరిగే పని చేశానంటే బావగారికి చిన్నతనం.

"అక్కడితో ఆగితేగా. ఆ కబురు నర్సుల క్లాసుకి పాకింది. అక్కడ నేర్చుకునేవాళ్ళ కోసం మంచం మీద రబ్బరు రోగి ఒకడుంటాడు. పదేళ్ళ నుంచి అలాగే పడున్నాడు పాపం. నేను వెళ్ళి నాడి పట్టుకున్నాను. ఏమైందో తెలుసా? లేచి కూర్చుని మంచినీళ్ళడిగాడు."

"రబ్బరోడా?"

"రబ్బరోడే. ఇప్పుడు పెళ్ళయి హాయిగా కాపురం చేసుకుంటున్నాడు."

మూడుంబావు. ఆవిడ కాగితాన్ని బెంచీ మీద మెల్లగా ఆయన వైపు జరిపింది. ఆయన దాని మీద కొట్టావిడ ఇచ్చిన టీ గ్లాసు పెట్టబోతే చటుక్కున లాక్కుంది.

"మేడ మీద లైబ్రరీ. సముద్రపు గాలికి పుస్తకాలన్నీ చెమ్మెక్కి అంటుకుపోయాయి. ఒక్క పూటలో అన్నీ విడదీసి చదివేశాను. ఎంత జోరుగా తిప్పానంటే, ఆ పేజీల గాలికి కింద కుట్టు క్లాసువాళ్ళు ఆరేసిన బట్టలు ఆరిపోయి, ఇస్త్రీ కూడా అయిపోయాయి."

రోజుకి నూరు దుప్పట్లు ఆరేసే మనిషికి ఇస్త్రీ మాట దగ్గర నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిగ్గా పరీక్షల రోజు సముద్రం పొంగింది. కాలేజీ మొత్తం పునాదుల్లోంచి లేచి తేలిపోతోంది. పిల్లలు రాస్తూనే ఉన్నారు. నేను షెడ్డులో ఇంజన్లన్నీ తెచ్చి వెనక గోడకి బిగించి, ప్రిన్సిపాలుగారి కుర్చీలో కూర్చుని తోలాను. నడిసముద్రంలో ఒక చుట్టు చుట్టి, భోజనాల గంట కొట్టేలోపు తెచ్చి మళ్ళీ ఇక్కడే దింపాను. తొందరలో కాస్త వెనకది ముందుకి అయిందనుకో. అంతకుముందు గేటు సముద్రం వైపుండేది."

"సముద్రం వైపు గేటెందుకండీ?"

"అప్పట్లో చేపలు కూడా చేరేవయ్యా. ఎవరినైనా చేర్చుకునే కాలేజీ కదూ."

నాలుగింటికి ఇరవై నిమిషాలు. ఇన్నేళ్ళలో బావగారి ఎదుట ఆవిడ నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడింది లేదు. గొంతు సవరించుకుంది.

"బావగారూ, కాలేజీ అంతా కళ్ళకు కట్టినట్టు చూపించారు. ఇక ఇక్కడ మీ పేరు, చదివిన ఏడు, రోలు నంబరు వేసి సంతకం పెట్టండి."

ఆయన పెన్ను అందుకున్నారు. మూత తీశారు, పెట్టారు. మళ్ళీ తీశారు.

"నా సంతకం మహా బరువమ్మాయ్. ఆ పల్చటి కాగితం ఆగదేమో."

ఆయన రోడ్డెందుకు దాటలేదో ఆవిడకి అప్పుడు అర్థమైంది. ఉన్న ఒక్క రోజూ ఈ బెంచీ మీదే అయిపోయింది.

"ఇటివ్వమ్మా," అంది టీ కొట్టావిడ, చేతులు తుడుచుకుంటూ. "ఫ్రిజ్జుల మరమ్మతు, రెండేళ్ళు చదివానక్కడ." నిలబడే పేరు, ఏడు, నంబరు గబగబా రాసి సంతకం చేసింది. కాగితం ఇస్తూ, "ఆ రెండేళ్ళూ మిమ్మల్ని రోజూ చూసేదాన్ని అన్నయ్యా," అంది. "ఈ బెంచీ మీదే. అప్పట్లో మా అమ్మ టీ పెట్టేది."

డ్రైవరు మొహం గ్లాసులో దాచుకున్నాడు. బావగారు చెప్పుల్లో దూరిన ఇసుక దులుపుకోవడం మొదలెట్టారు.

ఆవిడ పరుగున రోడ్డు దాటింది. తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా దులుపుకుంటూనే ఉన్నారు. ఏళ్ళ తరబడి ఎదురుగా కూర్చుని కాలేజీని చూసిన మనిషి. ఆవిడకి జాలేసింది. కిటికీ దగ్గర అడిగి తెచ్చిన రెండో కాగితం ఆయన పక్కన పెట్టింది.

"ఇంకా ఐదు నిమిషాలుంది బావగారూ. మీకూ ఈవిడే సంతకం పెడుతుంది లెండి."

ఆయన డ్రైవరు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"వయసెంతని రాయాలమ్మాయ్?"

"ఉన్నదే రాయండి."